ఊపిరి వదిలేసి, అట్నే ఉండండి

పాలిసిస్టిక్ కిడ్నీ వ్యాధిలో నీటితిత్తులు ఏళ్ల తరబడి పెరుగుతూ ఉన్నా, మిగిలిన కణజాలం బరువంతా తానే మోయడం వల్ల రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే వ్యర్థం) చాలా కాలం మామూలుగానే కనిపిస్తుంది. అందుకే జబ్బు ఎంత వేగంగా ముదురుతోందో ముందుగా తెలుసుకోవడానికి కిడ్నీల మొత్తం పరిమాణాన్ని కొలుస్తారు. అమెరికాలో 241 మందికి ఏటేటా ఎంఆర్ఐ తీసిన క్రిస్ప్ అధ్యయనం 2006లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఆ పరిమాణం ఏడాదికి సగటున 5 శాతం పైచిలుకు పెరిగింది. నెల్లూరులో ఈ వ్యాధి మీద పనిచేస్తున్న మా ఇమేజింగ్ కేంద్రానికి సమన్వయకర్తగా నా ఆలోచనంతా ఆ 5 శాతం చుట్టూనే తిరుగుతుంది. ఏడాదికి వచ్చే మార్పే అంత తక్కువైనప్పుడు, కొలతలో అంత తేడా దొర్లితే ఆ ఏడాది శ్రమంతా నీళ్లపాలవుతుంది.

తేడా ఎక్కువగా ఊపిరి దగ్గర వస్తుంది. ఊపిరితో పాటు కిడ్నీలు పైకీ కిందికీ కదులుతాయి కాబట్టి, 15, 20 సెకన్ల పాటు ఊపిరి ఆపిన స్థితిలోనే చిత్రం తీయాలి. మొదట్లో మేము "ఊపిరి బిగబట్టండి" అనేవాళ్లం. ఆ మాట వినగానే మనవాళ్లు గుండెనిండా గాలి పీల్చి, పొట్ట బిగించి, పది సెకన్లకే వదిలేసేవారు. పైగా ఒక్కోసారి ఒక్కో లోతున పీల్చడంతో, ఎంఆర్ఐ పొరలు పొరలుగా తీసే చిత్రపు ముక్కలు ఒకదానికొకటి అతికేవి కావు. ఊపిరి వదిలిన తరువాత ఆపితే కిడ్నీ దాదాపు ప్రతిసారీ ఒకే చోట నిలుస్తుంది. అందుకని "గాలి వదిలేయండి, అట్నే ఉండండి" అని మా నర్సు గొంతుతోనే రికార్డు చేయించి, లోపలికి పంపేముందు బల్ల మీద పడుకోబెట్టి మూడు సార్లు సాధన చేయిస్తున్నాము. నా లెక్కలో మా కేంద్రం చేసిన అతి విలువైన మార్పు ఇదే.

ఒంగోలు వైపు వారికి ప్రయాణం తప్పుతుందని ఒక ఏడాది అక్కడే వేరే సెంటరులో స్కానింగు తీయించాము. అక్కడ ముక్కల మందం మార్చి, మధ్యలో ఖాళీ వదిలి తీశారు. ప్రతి ముక్కలో కిడ్నీ అంచు గీసి, వైశాల్యాన్ని మందంతో గుణించి కూడితేనే పరిమాణం వస్తుంది కనుక, ఆ చిత్రాలు డాక్టరు చూసి రిపోర్టు రాయడానికి సరిపోయాయి గానీ పాత చిత్రాల పక్కన పెట్టడానికి పనికిరాలేదు. ముందుగా ఒక నమూనా స్కాను తెప్పించి చూడకపోవడం నా తప్పే. ఇప్పుడు అందరికీ బస్సు చార్జీలు ఇచ్చి నెల్లూరికే పిలిపిస్తున్నాము.

జబ్బు వంశపారంపర్యం కావడంతో వచ్చే చిక్కులకు ఇలాంటి సర్దుబాటు లేదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది. ఆడ, మగ తేడా లేదు. ఉదయగిరి వైపు నుంచి వచ్చే ఒకామె స్కానింగు అయ్యాక నన్ను పక్కకు పిలిచి, "మా పాపకి కూడా తీయండి మేడం, సంబంధాలు చూస్తా ఉండాము, ఎవరికీ చెప్పబాకండి" అన్నారు. పాపకు ఇరవై రెండేళ్లు. ఎందుకు తీస్తున్నారో ఆ అమ్మాయికి చెప్పకుండానే తీయాలని ఆమె కోరిక. ఆ తల్లి భయం నాకు అర్థమైనా, కుదరదనే చెప్పాను. తన ఒంట్లో ఏముందో తెలుసుకోవాలా వద్దా అన్నది ఆ అమ్మాయి నిర్ణయించుకోవాలి; పైగా ఆ వయసులో అల్ట్రాసౌండులో తిత్తులు కనబడనంత మాత్రాన జబ్బు లేదని తేల్చి చెప్పలేము.

రెండు నెలల తరువాత అమ్మాయే ఫోన్ చేసింది. డాక్టరుగారితో గంటసేపు మాట్లాడి, పరీక్ష ఇప్పుడే వద్దని, ఏటా బీపీ మాత్రం చూపించుకుంటానని చెప్పి వెళ్లింది. మా రిజిస్టరులో ఆమె పేరు లేదు. తల్లి తరువాతి స్కాను జనవరిలో ఉంది. ఆమెను తీసుకొచ్చేది తానేనని చెప్పింది.