వాగులో పోయిన కాగితాలు

హనుమకొండలో నాది చిన్న జిరాక్స్ షాపు. 2023 జులై 27 పొద్దున భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి వాళ్లు ఇళ్ల మీదికెక్కి నిలబడ్డ వీడియోలు చూసి మా గల్లీలో ఎవరికీ చేతులాడలేదు. ఆ పొద్దుటికి ఇరవై నాలుగు గంటల్లోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. ఇవతల మోరంచవాగు ఊరిని ముంచేసింది. కొందరు కొట్టుకుపోయారు కూడా.

నాలుగు రోజుల్లో డీసీఎం వ్యాను నిండా బట్టలు పోగుచేశాం. మూటలు కట్టినవాళ్లలో నేనూ ఉన్నాను, అందుకే ఈ సిగ్గు. ఊళ్లో విప్పితే ఏమున్నాయి? జిప్పు పోయిన ప్యాంట్లు, నాడా లేని లంగాలు, ఒంటి చెప్పు, ఎవరిదో జరీ చీర. ఓ అవ్వ ఆ చీర అంచు పట్టుకుని, "గిది కట్టుకొని బురద ఎత్తాల్నా బిడ్డా?" అని నవ్వింది. తర్వాత నన్ను పక్కకు పిలిచి, రెండు కొత్త లంగాలు, ఒక పార కావాలంది. బండి చుట్టూ మగవాళ్లే ఉంటే ఆడవాళ్లు ఆ మాట ఎవరితో అంటారు?

మళ్లీ ఆదివారం వెళ్లేసరికి ఆ జరీ చీర నాలుగు కట్టెలకు కట్టి స్నానానికి చాటు చేసుకున్నారు. పక్క గోడ మీద కాగితాలు ఆరబెట్టి, ఎగిరిపోకుండా రాళ్లు పెట్టారు. ఒక కాక బ్యాంకు పాస్‌బుక్కును బ్లేడుతో విడదీస్తుంటే, ఆయన ఫొటో ఊడి ఎదుటి పేజీకి అతుక్కుపోయింది.

నాకు తెలిసిన పని కాగితాలదే కాబట్టి చెట్టు కింద కూర్చున్నాను. ఆధార్ నంబరు చాలామందికి నోటికి రాదు. పోనీ ఫోన్‌లో తీద్దామంటే ఓటీపీ రావాల్సిన ఫోనే వాగులో పోయింది. అందుకని ఒకటే అడిగాను: "ఇంతకుముందు జిరాక్స్ ఎక్కడెక్కడ ఇచ్చారు?" గ్యాస్ కనెక్షన్‌కు, సంఘం లోన్‌కు, పిల్లల హాస్టల్‌కు... ఒక్కొక్కరికీ గుర్తుకొచ్చింది. పరకాలలో ఉన్న బిడ్డ వాట్సాప్‌లో ఒకామె కార్డు ఫొటో దొరికింది. మా షాపులో రెండు రూపాయలకు తీసే కాపీకి ఇంత విలువ ఉంటుందని నేనూ అనుకోలేదు.

అవ్వకు మాత్రం ఎక్కడా దొరకలేదు. ఆధార్ సెంటర్‌కు తీసుకెళ్తే వేలు పడదు. బురద ఎత్తీ ఎత్తీ వేళ్లు అరిగిపోయాయి. తుడిచి, తలకు రుద్ది, మళ్లీ పెట్టి... ఐదోసారికి పడింది.

కార్డు చేతికొచ్చాక రెండు జిరాక్స్‌లు తీయమంది. ఒకటి నా చేతిలోనే పెట్టింది.

"నీ దగ్గరుండనియ్ బిడ్డా. మా ఇంట్ల ఉంటే మళ్ల వాగుకు పోతది."