తొమ్మిదో ఎక్కం దాకా చాలంటుంది

"నాన్నా, నేను తెలుగులో ఎక్కాలు చెప్పను. కుకు ఒక్కటే చెప్తాను. అది కూడా తొమ్మిది దాకానే."

మా అమ్మాయి ఈ మాట అన్నది నవంబరులో. టోక్యోలో ఎదొగావా వార్డులో, ఇంటికి దగ్గరలో ఉన్న ప్రభుత్వ బడిలో రెండో తరగతి చదువుతోంది. కోపంగా అనలేదు, ఏడుస్తూ అనలేదు. ముందే ఆలోచించి పెట్టుకున్నట్టు చెప్పి, ఎక్కాల కార్డులు బ్యాగులో సర్దుకుని పడుకోవడానికి వెళ్ళిపోయింది.

జపాన్ బయట ఉన్నవాళ్ళకు కుకు గురించి, అంటే జపనీస్ ఎక్కాల గురించి, కొంచెం చెప్పాలి. ఇక్కడి బళ్ళలో గుణకారం రెండో తరగతిలో, శరదృతువులో వస్తుంది. ముందు రెండో ఎక్కమో ఐదో ఎక్కమో నేర్పుతారు, ఒకటో ఎక్కం అన్నిటికన్నా చివర వస్తుంది. తొమ్మిది తొమ్మిదులు ఎనభై ఒకటితో సరి, పదో ఎక్కం కూడా ఉండదు. కానీ ఆ 81 మాటలూ పిల్లల నాలుక మీద నిలిచేదాకా వదిలిపెట్టరు. ప్రతి ఎక్కమూ కింది నుంచి పైకి చెప్పాలి, పై నుంచి కిందికి చెప్పాలి, తర్వాత కార్డులు కలిపేసి ఏది చూపిస్తే అది చెప్పాలి. టీచరు దగ్గర అప్పజెప్పే ముందు ఇంట్లో అప్పజెప్పాలి. మేం విన్నామని సంతకం పెట్టాలి. ఒకటో తరగతి నుంచే జపనీస్ పాఠం రోజూ పైకి చదివించి, అమ్మో నాన్నో విన్నట్టు కార్డులో గుర్తు పెట్టించే అలవాటు ఉంది కాబట్టి మాకిది కొత్త కాదు. పిల్లల చదువులో తల్లిదండ్రులు చేయాల్సిన మొదటి పని వినడం అని ఈ బడి అనుకుంటుంది. ఆ పద్ధతి నాకు నిజంగా ఇష్టం.

వినడానికి కూడా బాగుంటుంది. "నినిన్ గ షి, ని సాన్ గ రోకు" అని పాటలా సాగుతుంది. జవాబు పది లోపు అయితే మధ్యలో ఒక "గ" పడుతుంది, పది రాగానే అది మాయమవుతుంది. ఎనిమిది ఎనిమిదులు "హప్ప రోకుజూషి". పిల్లలు తడబడేదంతా ఏడో ఎక్కం దగ్గరే. నాలుగును "షి" అంటారు, ఏడును "షిచి" అంటారు. అందుకని నాలుగేళ్ళు "షిషిచి నిజూహచి", ఏడు నాల్గులు "షిచిషి నిజూహచి". ఆ రెండింటి మధ్య మా పిల్ల చాలా రాత్రులు నలిగింది.

ఆ నలుగుడు మధ్యలోనే నేను తెలుగు ఎక్కాలు కూడా మొదలుపెట్టాను. ఎందుకంటే నా లెక్కంతా తెలుగులోనే ఉంది. ఐదో తరగతి దాకా తెలుగు మీడియం. మా నాన్నగారు తెనాలి దగ్గర ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. సాయంత్రం కాళ్ళు కడుక్కుని వసారాలో కూర్చుని 20 దాకా ఎక్కాలు అప్పజెబితేనే అన్నం. ఆయన తండ్రిగారి కాలంలో వీధిబడిలో పావు, అర, ముప్పావు ఎక్కాలు కూడా వల్లె వేయించేవారట. ధాన్యం కొలతలకూ వడ్డీ లెక్కలకూ అవి కావాల్సి వచ్చేవి. అవి నా దాకా రాలేదు. నాకు వచ్చినవి మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆఫీసులో రోజంతా ఇంగ్లీషు, బయట వచ్చీ రాని జపనీస్. అయినా కూరగాయల కొట్లో ధర చూడగానే లోపల "ఏడు ఎనిమిదులు యాభై ఆరు" అని వినిపిస్తుంది. ఏ ప్రయత్నమూ లేకుండా నాలో ఇంత గట్టిగా నిలబడ్డ తెలుగు ఇంకొకటి లేదు. అందుకే పిల్లకు అదైనా ఇవ్వాలని నా పట్టుదల.

అది ఎందుకు వద్దందో కొన్నాళ్ళకు వాళ్ళమ్మకు చెప్పింది. 2007 ప్రాంతంలో జపాన్‌లో ఇండియా లెక్కల పుస్తకాలు విపరీతంగా అమ్ముడుపోయాయి. ఇండియా పిల్లలు 19 పంతొమ్మిదుల దాకా కంఠతా చెబుతారన్న నమ్మకం అప్పటినుంచీ ఇక్కడ చాలామందిలో ఉంది. క్లాసులో టీచరు ఆ మాటే మెచ్చుకోలుగా అన్నారు. పిల్లలంతా మా అమ్మాయి వైపు తిరిగారు. ఒక అబ్బాయి "అయితే పదిహేడో ఎక్కం చెప్పు" అన్నాడు. దీనికి రాదు. "రాదా? నువ్వు ఇండియా అమ్మాయివి కాదా?" అన్నాడట. వాడు కూడా దురుద్దేశంతో అని ఉండడు, ఏడెనిమిదేళ్ళ పిల్లవాడు. కానీ ఈ బడిలో చేరిన రోజు నుంచీ అందరిలాగే ఉండాలని మా పిల్ల ఎంత కష్టపడిందో నాకు తెలుసు. భోజనం వడ్డించే వంతు వచ్చినప్పుడు తెల్ల కోటు, టోపీ వేసుకుని పాల డబ్బాలు లెక్కపెట్టి పంచడం, తరగతి గది ఊడ్చి గుడ్డతో తుడవడం, అన్నీ నలుగురిలో ఒకతెగా చేసింది. ఎక్కాల వల్ల ఒక్కసారిగా వేరైపోయింది.

ఇది వినగానే నేను అన్నది, "అయితే పదిహేడో ఎక్కం నేర్పేస్తాను, రేపు వెళ్ళి చెప్పేస్తుంది" అని. మా ఆవిడ ఒప్పుకోలేదు. "వాడికి చూపించడానికి నేర్పుతారా? అప్పుడది దాని ఎక్కం ఎలా అవుతుంది, వాడి ఎక్కమే అవుతుంది" అంది. ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. పరీక్షలో ఒక లెక్క వచ్చింది. మూడు ప్లేట్లు ఉన్నాయి, ఒక్కో ప్లేటులో ఐదు కమలాలు, మొత్తం ఎన్ని? మా అమ్మాయి 3×5=15 అని రాసింది. ఇక్కడ ఎర్ర సున్నా చుడితే ఒప్పు, టిక్కు పెడితే తప్పు. 15కి సున్నా వచ్చింది, 3×5కి టిక్కు వచ్చింది. జపాన్ బళ్ళలో ముందు ఒక్కో భాగంలో ఎంత ఉందో రాయాలి, తర్వాత ఎన్ని భాగాలో రాయాలి. ప్లేటుకు ఐదు, అలాంటివి మూడు, కాబట్టి 5×3. మనం "మూడైదులు పదిహేను" అంటాం, మూడు సార్లు ఐదు అన్న ఊహతో. జవాబు ఒకటే, ఆలోచన నడిచే దారి వేరు. ఇలా తిప్పి రాస్తే తప్పు పెట్టడం సరైనదేనా అని జపాన్‌లోనే 1970ల నుంచీ పత్రికల్లో వాదనలు నడుస్తున్నాయి. తప్పు పెట్టకూడదనే నేనూ అనుకుంటాను. కానీ టీచరుతో మాట్లాడినప్పుడు ఆవిడ ఉద్దేశం నాకు అర్థమైంది. లెక్కలో కనపడిన అంకెలను కనపడిన వరసలో గుణించేయకుండా, దేన్ని ఒక భాగంగా తీసుకోవాలో పిల్ల ఆలోచించిందా లేదా అన్నది ఆవిడ చూస్తున్నారు. అది విలువైన చదువే. అయితే మా ఇంట్లో రాత్రిపూట వినపడే ఎక్కం, పొద్దున బడిలో రాయాల్సిన లెక్క ఎదురెదురు దిక్కుల్లో నడుస్తున్నాయని ఆ కాగితం చూశాకే నాకు తట్టింది. ఏడేళ్ళ పిల్ల రెండూ మోయాలి.

అందుకని ఇక్కడికి కొత్తగా వచ్చే తెలుగువాళ్ళు అడిగితే నేను చెప్పేది ఒకటే. కుకు కార్డు పూర్తయ్యేదాకా ఇంకో భాషలో ఎక్కాలు మొదలుపెట్టకండి. మా పిల్ల ఆ నెలల్లో "షిచి రోకు" అని మొదలుపెట్టి "నలభై రెండు" అని ముగించేది, తర్వాత బిక్కమొహం వేసేది. ఒకటి స్థిరపడ్డాక రెండోది చూసుకోవచ్చు.

ఈ సలహా ఇస్తున్నప్పుడే నాకు అనుమానం వస్తుంది. ఒకటి స్థిరపడ్డాక రెండోదానికి చోటుంటుందా? మా వార్డులోనే ఉన్న నిషికసాయి చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది పిల్లల్ని ఇండియన్ స్కూళ్ళలో వేస్తారు. ఇంగ్లీషు మీడియం, సీబీఎస్‌ఈ సిలబస్, ఎప్పుడు తిరిగి వెళ్ళినా ఇబ్బంది ఉండదు. విదేశీ పిల్లలకు ఇక్కడ నిర్బంధ విద్య వర్తించకపోయినా, కావాలంటే ప్రభుత్వ బడి ఫీజు లేకుండా చేర్చుకుంటుంది, పాఠ్యపుస్తకాలు కూడా ఇస్తుంది. మేం ఆ దారి ఎంచుకున్నది డబ్బు కోసం మాత్రమే కాదు. ఉంటున్న వీధిలో పిల్లకు స్నేహితులు ఉండాలని, నడిచి బడికి వెళ్ళాలని. అవి దొరికాయి. వాటితోపాటే లెక్కలు జపనీస్ అయ్యాయి.

విజయవాడలో మా అన్నయ్య కూతురు కూడా మా అమ్మాయి ఈడుదే. మొన్న ఫోనులో ఎక్కాలు చెప్పమంటే "టూ టూస్ ఆర్ ఫోర్" అని గబగబా చెప్పింది. "తెలుగులో రాదా అమ్మా?" అంటే మా వదిన, "ఇప్పుడెవరు నేర్పుతున్నారు మరిదీ, స్కూల్లో అలా చెబితే ఊరుకోరు" అంది. కృష్ణ ఒడ్డున ఉన్న పిల్లకే లేనిది సుమిద నది అవతల ఉన్న పిల్లకు ఉండాలని నేను పట్టుబట్టడం న్యాయమేనా? ఈ ప్రశ్న నన్ను రోజుల తరబడి తినేసింది. న్యాయమో కాదో గానీ, కోరిక మాత్రం తగ్గలేదు.

మా నాన్నగారికి ఇదంతా చెబితే ఆయన ఎక్కాల గురించి ఏమీ అనలేదు. "దాని కార్డులు నాకు చూపించమను" అన్నారు. మాకు రాత్రి ఏడున్నర అయితే అక్కడ సాయంత్రం నాలుగు, కాఫీ వేళ. మనవరాలు వీడియోలో ఒక కార్డు ఎత్తి చూపిస్తుంది. 7×8. "షిచిహ గోజూరోకు" అని ఇది, "ఏడు ఎనిమిదులు యాభై ఆరు" అని ఆయన. ఎవరు ముందు చెబితే వాళ్ళది కార్డు. ఆయన దాన్ని తెలుగులో చెప్పమని అడగలేదు, ఇది ఆయన్ని జపనీస్‌లో చెప్పమని అడగలేదు. వినీ వినీ ఒకరి జవాబు ఒకరికి తెలిసిపోతోంది. ఒకసారి ఆయన "నాలుగేళ్ళు ఇరవై ఎనిమిది" అంటే ఇది పకపకా నవ్వి, "నాకు నాలుగేళ్ళు కాదు తాతయ్యా, ఎనిమిదేళ్ళు రాబోతున్నాయి" అంది.

నారాలో పాత రాజధాని తవ్వకాల్లో 8వ శతాబ్దపు చెక్క ముక్కల మీద రాసిన కుకు దొరికిందని చదివి ఆయనకు చెప్పాను. చైనా నుంచి వచ్చిన పద్ధతి అది, పూర్వం తొమ్మిది తొమ్మిదులతో మొదలుపెట్టి కిందికి చెప్పేవారు. ఆయన చాలా సంతోషించారు. "అయితే పన్నెండు వందల ఏళ్ళ నాటి వల్లెవేత మన పిల్ల చెబుతోందన్నమాట" అన్నారు. మన ఎక్కాలు పోతున్నాయని నేను కుమిలిపోతున్న ఆ నెలల్లోనే, నా కూతురు ఇంకొకరి పాత చదువును ఇంత శ్రద్ధగా నాలుక మీదకు తెచ్చుకుంది. ఆ గౌరవం నేను దానికి ముందే ఇవ్వాల్సింది.

అయినా నా మనసు పూర్తిగా ఒప్పుకోలేదు. ఏప్రిల్‌లో మూడో తరగతి. రెండంకెల గుణకారం వస్తుంది, సొరొబాన్ పూసలతో లెక్కలు కూడా కొంచెం చూపిస్తారు. అప్పుడు పన్నెండో ఎక్కం, పదిహేనో ఎక్కం వచ్చి ఉంటే ఎంత హాయో చెప్పి, మళ్ళీ అడిగి చూద్దామని నా ఆలోచన. వాటికి కుకులో పోటీ లేదు కాబట్టి నాలుక తడబడే భయం కూడా ఉండదు. మా ఆవిడ మాత్రం అడగొద్దంటోంది. తాతయ్య దగ్గర విని విని, కావాలనిపిస్తే అదే వచ్చి అడుగుతుందంటోంది. మా నాన్నగారికి 76 ఏళ్ళు. అది వచ్చి అడిగేదాకా ఆగే ధైర్యం నాకు లేదు.