కాఫీ లాంటిదే అన్నాడు

"కాఫీ లాంటిదేరా, కాస్త స్ట్రాంగ్, అంతే" అన్నాడు మా రూమ్‌లో ఉండే సీనియర్. డాలస్‌లో ఎంఎస్ రెండో సెమిస్టర్, తెల్లారితే పరీక్ష. డాక్టర్ తనకి ఏడీహెచ్‌డీకి, అంటే దేనిమీదా ధ్యాస నిలవని సమస్యకి, రాసిచ్చిన ఆడెరాల్ అనే మందు సీసాలోంచి ఓ నారింజ రంగు బిళ్ల నా చేతిలో పెట్టాడు. పరీక్ష బాగా రాశాను. అదే నా కొంప ముంచింది. తర్వాత బిళ్లకి పది డాలర్లు తీసుకునేవాడు.

రెండు నెలల్లో ఏడు కిలోలు తగ్గాను. అన్నం సయించేది కాదు. "వండుకోవట్లేదా నాన్నా?" అని వీడియో కాల్‌లో అమ్మ ఒకటే గొడవ.

ఏప్రిల్‌లో ఆ రాత్రి మూడో బిళ్ల వేసుకుని, పైన రెండు ఎనర్జీ డ్రింకులు తాగాను. రాత్రి రెండు గంటలకి గుండె దడ మొదలైంది. దవడలు బిగుసుకుపోయాయి. అద్దంలో చూసుకుంటే మెడ నరం కొట్టుకోవడం కనిపిస్తోంది. వాచీలో గుండె వేగం నిమిషానికి 168. సీనియర్ని లేపాను. "అంబులెన్స్ బిల్లు ఎంతవుతుందో తెలుసా? వెళ్తే వెళ్లు, నా పేరు మాత్రం చెప్పకు" అని దుప్పటి కప్పుకున్నాడు. దడ తర్వాత తగ్గింది కానీ ఆ మాట తగ్గలేదు.

పక్క ఫ్లాట్ మెక్సికన్ ఆవిడ నైటీ మీదే కారు తీసింది. ఆమె పేరు కూడా నాకు అప్పటిదాకా తెలియదు. ఈసీజీ, ఇంజెక్షన్, తెల్లారేదాకా మానిటర్. డాక్టర్ ఒక్క మాట తిట్టలేదు.

మానేశాక వారం రోజులు పడుకునే ఉన్నాను. మెలకువ వచ్చినప్పుడల్లా ఫోన్‌లో దీని చరిత్రే చదివాను. ఆడెరాల్‌లో ఉండేది ఆంఫెటమైన్. దాన్ని 1887లో బెర్లిన్‌లో ఎడెలియాను అనే రొమేనియన్ తయారుచేశాడు. 1930ల్లో ముక్కుదిబ్బడకి పీల్చే మందుగా అమ్మారు. దాని తమ్ముడు మెథాంఫెటమైన్‌ని రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ సైనికులకి పెర్విటిన్ పేరుతో మింగించారు. జపాన్‌లో అదే ఫిలోపాన్. యుద్ధం అయ్యాక జనం దానికి ఎంతగా అలవాటుపడ్డారంటే 1951లో ప్రత్యేకంగా చట్టం తేవాల్సి వచ్చింది. వాళ్లని యుద్ధం మేల్కొల్పి ఉంచింది. నన్ను? నలభై లక్షల లోను.

ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకి అది నిజంగా మందే, కాదనను. కానీ వాళ్ల మోతాదు చూసేది డాక్టర్. నాది చూసింది రూమ్‌మేట్. ఎవరైనా బిళ్ల చేతిలో పెడితే తిరిగిచ్చేయండి, పరీక్ష పోతే పోయింది.

ఆగస్టులో ఇంటికొచ్చి, అమ్మ మొక్కిన మొక్కుకి తిరుమలలో గుండు చేయించుకున్నాను. ఊళ్లో మాత్రం పచ్చకామెర్లని చెప్పింది అమ్మ. పెద్దమ్మ రోజూ పరగడుపున నేల ఉసిరి పసరు పట్టుకొస్తే కళ్లు మూసుకుని తాగేశాను.