పెరుగన్నం తర్వాత కోన్యాక్

అమలాపురంలో బస్సెక్కి ఎదుర్లంక వంతెన దాటి, పుదుచ్చేరి కింద ఉండే యానాంలో దిగేసరికి చీకటిపడింది. అరకిలోమీటరు కూడా లేని దూరానికి ఆటో అబ్బాయి వంద అడిగాడు. ఒళ్ళు మండి నడిచే వెళ్ళాను. దారంతా వైన్ షాపులు, వాటి ముందు మన వైపు నుంచి వచ్చిన బళ్ళు. 1995లో ఎన్టీఆర్ మద్యనిషేధం పెట్టినప్పుడైతే గోదారి జిల్లాల మందుబాబులకి ఈ ఊరే పుణ్యక్షేత్రం.

బాబాయ్ ఇంట్లో మాత్రం సీసా జాడే లేదు. నేరుగా కంచాలు పెట్టేశారు. పులస పులుసు. ముందురోజే మట్టి దాకలో వండి ఉంచారు. పైన ఆవకాయ నూనె తేలుతోంది, బెండకాయలు పులుసు పీల్చి బరువెక్కాయి. చేప పదిహేను వేలట. ముల్లు ముల్లుకీ ఆ లెక్క గుర్తొచ్చింది.

మనవైపు ముందు గ్లాసు, స్టఫ్, పదకొండు దాకా రాజకీయాలు. ఆనక చల్లారిన అన్నం, గుమ్మం దగ్గర కునికిపాట్లు పడే ఇల్లాలు. కంచంలో అన్నం పడిందంటే సీసాకి మూత పడినట్టే. అందుకే పెరుగన్నం తిని కిళ్ళీ కోసం చూస్తుంటే, బాబాయ్ పొట్టి గ్లాసులూ, కోన్యాక్ అనే ఫ్రెంచి బ్రాందీ తెచ్చేసరికి బిత్తరపోయాను.

"తిన్నాక మందేంటి బాబాయ్?"

"ఆకలి పుట్టడానికి ముందోటి, అరగడానికి తర్వాతోటిరా. ఫ్రెంచివాళ్ళ పద్ధతి."

కొడుకు పారిస్ నుంచి తెచ్చాడట. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలోనే ఉన్నా, ఊరంతా ఇలా తాగుతుందనుకునేరు. షాపుల దగ్గర అంతా మన వరసే. ఈ కోన్యాకేమో ద్రాక్ష వైనుని రెండుసార్లు బట్టీలో కాచి ఓక్ చెక్క పీపాల్లో మాగబెట్టిన సరుకు. వీఎస్ఓపీ అని రాసుంటే కనీసం 4 ఏళ్ళు మాగినట్టు. ఫ్రాన్స్‌లోనే నార్మండీలో అయితే ఆపిల్‌తో చేసిన కాల్వడోస్, ఇటలీలో చేదు మూలికల అమారో తాగుతారట. సోడా లేదు, ఐసు లేదు. గ్లాసు అరచేతిలో పట్టుకుని ఆయన గంటసేపు వాసన చూస్తూనే ఉన్నాడు. ఆ కాస్త గుక్క గొంతులో వెచ్చగా దిగింది, బాగానే ఉంది. కానీ నా నోట్లో ఇంకా పులుసు పులుపే.

అరుగుదల సంగతంటారా, 2010లో జ్యూరిక్ డాక్టర్లు చీజ్ ఫాండ్యూ (కరిగించిన చీజ్‌లో రొట్టె ముంచుకునే వంటకం) తినిపించి, పైన మందు పోసి పరీక్షిస్తే పొట్ట ఖాళీ అవడం ఇంకా ఆలస్యమైంది. ఆ రాత్రి నా పొట్ట కూడా ఆ డాక్టర్ల పక్షమే.

"అరగాలంటే వాము నమలొచ్చుగా," అని పిన్ని గదిలోంచే అంటించింది.

పొద్దున్న తిరుగు బస్సుని చెక్‌పోస్టు దగ్గర ఆపారు. సీసాల కోసం నా సంచీ వెతికితే పిన్ని కట్టిచ్చిన క్యారేజీ దొరికింది. కానిస్టేబుల్ మూత తీసి వాసన చూశాడు.

"పులసేనాండీ? ఎంతయిందేంటి?"

చెప్పాను.

"అయితే ఇంక మందు కొనడానికి డబ్బులెక్కడుంటాయిలెండి," అని బస్సు పోనిమ్మన్నాడు.