‘ఎం’ అంటే ఏమిటి? (నా అనుభవం)

నిన్న సాయంత్రం ఆడిట్ క్లోజ్ అయినట్టు మెయిల్ వచ్చింది. చాలా రోజుల తర్వాత రాత్రి కంటినిండా నిద్రపోయాను. మర్చిపోకముందే రాసేస్తున్నా.

జీడిమెట్లలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక చిన్న బల్క్ డ్రగ్ యూనిట్‌లో సేఫ్టీ చూస్తాను. కస్టమర్ ఆడిట్ (మా దగ్గర కొనే కంపెనీ చేసే తనిఖీ) అనగానే అన్ని కెమికల్స్‌కీ సేఫ్టీ డేటా షీట్లు తెప్పించి, డ్రమ్ములకు ప్రమాదాన్ని చెప్పే ఎర్ర డైమండ్ గుర్తుల స్టిక్కర్లు వేయించాను. ఇంక్‌జెట్ ప్రింటు జోలికి మాత్రం వెళ్ళకండి. సాల్వెంట్ (ద్రావకం) చుక్క పడితే కాటుకలా కారిపోతుంది. మేం రెండుసార్లు డబ్బు పెట్టాం. ఒక ట్రేడరైతే అసిటోన్ షీట్‌లో మరిగే ఉష్ణోగ్రత 100 డిగ్రీలని పంపాడు. అసిటోన్ 56కే మరుగుతుంది! రెండు రూపాయలు తక్కువని అతని దగ్గరే కొంటారు మా పర్చేజ్ వాళ్ళు.

సాల్వెంట్ యార్డ్ చూసి ఆడిటర్ మేడమ్ బాగుందన్నారు. నా ఛాతీ రెండించులు పెరిగింది. అక్కడితో వెళ్ళిపోయి ఉంటే ఎంత బాగుండేది!

ప్రొడక్షన్‌లో రియాక్టర్ పక్కన అయిదు లీటర్ల తెల్ల క్యాన్ ఉంది. పాత లేబుల్ సగం చింపేసి, మార్కర్‌తో ఇంగ్లిష్ అక్షరం ‘ఎం’ ఒక్కటే రాశారు.

“ఇందులో ఏముంది?” అన్నారావిడ.

షిఫ్ట్ కెమిస్ట్ “మిథనాల్ మేడమ్” అన్నాడు. ఆపరేటర్ “ఎండీసీ కదా సార్” అని నన్ను చూశాడు. ఎండీసీ అంటే మిథిలీన్ డైక్లోరైడ్, ఇంకో సాల్వెంట్. ఇంకొకడు మదర్ లిక్కర్ (స్ఫటికాలు వడకట్టాక మిగిలే ద్రవం) అన్నాడు. అందరూ నావైపు తిరిగారు. నేనూ మిథనాలే అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు.

బరంపురం నుంచి వచ్చిన పెద్ద వయసు హెల్పర్ ఒకాయన ఉన్నాడు. ఏమీ మాట్లాడకుండా క్యాన్ ఎత్తి కింద పెట్టాడు. “ఎండీసీ బాబూ. నిండు క్యాన్. మిథనాలైతే ఇంత బరువుండదు” అన్నాడు. నిజమే. అయిదు లీటర్ల మిథనాల్ నాలుగు కిలోలు తూగుతుంది, ఎండీసీ ఆరున్నర దాటుతుంది.

మేడమ్ నవ్వలేదు. “అయితే మీ లేబుల్ ఈయన చెయ్యా? ఈయన సెలవు పెడితే?” అన్నారు. పదిమంది ముందు నా ముఖం మాడిపోయింది. మిథనాల్‌కి మంట, పుర్రె, ఛాతీలో నక్షత్రం, మూడు గుర్తులూ ఉంటాయి. ఒంట్లోకి పోతే చూపు పోతుంది. అదంతా స్టోర్స్‌లోని పెద్ద డ్రమ్ము మీద చక్కగా రాసుంది. మనిషి చేత్తో పట్టుకునే క్యాన్ మీదేమో ఒక్క అక్షరం.

భోపాల్ గ్యాస్ దుర్ఘటన 1984లో జరిగితే 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41బి సెక్షన్ చేర్చారు. ప్రమాదాల సంగతి కార్మికుడికి చెప్పి తీరాలి. ఆ విషయం మీద ట్రైనింగ్ ఇచ్చేది నేనే, అదీ ఇంగ్లిష్ స్లైడ్లతో. సగం మందికి తెలుగే రాదు, ఇంగ్లిష్ సంగతి చెప్పేదేముంది.

మిగతాదంతా తేలిగ్గానే జరిగింది. క్యాన్లకు పూర్తి పేరు, గుర్తులు, నింపిన తేదీ ఉన్న స్టిక్కర్లు తెలుగు, హిందీ, ఒడియాల్లో వేయించాం. ఒడియాలో ఒక అక్షరం తప్పు పడిందని చూపించింది కూడా ఆ పెద్దాయనే. మళ్ళీ ప్రింటు చేయించాం.

ప్రొడక్షన్‌లో మార్కర్లన్నీ లాగేసుకున్నాను. పదిహేడు దొరికాయి. షిఫ్ట్ కెమిస్ట్ ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు.