ముస్తఫా మిషన్‌కి ప్రాణం పోయించడానికి నేను పడ్డ పాట్లు

చివరికి నిన్న రాత్రి, నేను కొన్న పాత వీడియో గేమ్ మిషన్‌లో బొమ్మ నిలబడింది. జాక్, హన్నా, ముస్తఫా, మెస్ నలుగురూ తెర మీద కుదురుగా కనిపించారు. దీని పేరుతో నన్ను నవ్వులపాలు చేసిన రిపేరు షాపువాడి మీద కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. చల్లారితే మర్యాదగా రాసేస్తానేమోనని భయం.

తొంభైల్లో వీడియో గేమ్స్ షాపుల్లో రూపాయలు తగలేసినవాళ్లకు ఈ ఆట గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం: పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, జపాన్‌లోని కాప్‌కామ్ కంపెనీ 1993లో తెచ్చింది. మా తెనాలిలో మాత్రం అది ముస్తఫా గేమే. ముస్తఫా పరిగెత్తుకొచ్చి తన్నే తన్ను కోసం ఇంట్లో చిల్లర మాయం చేసిన పిల్లలు మా వీధిలో చాలామందే ఉండేవాళ్లు.

మిషన్ దొరకడం పెద్ద కష్టం కాలేదు. గుంటూరులో ఎప్పుడో మూతబడిన గేమ్స్ షాపు సామాను ఓ పాత ఇనుము కొట్లో పడుందని తెలిసి, ఆటను నడిపించే సర్క్యూట్ బోర్డుతో సహా విజయవాడ తెచ్చుకున్నాను. అడుగున చెదలు తిన్న ప్లైవుడ్ వడ్రంగి మార్చేశాడు. హ్యాండిళ్ల కింద మైక్రోస్విచ్‌లు, బటన్లు కొత్తవి వేశాను. బోర్డు అంచున కనెక్టర్‌లోకి దూరే పళ్లు నల్లబడి ఉంటే పెన్సిల్ రబ్బరుతో రుద్దాను, తళతళలాడాయి. బోర్డుకిచ్చే కరెంటు సప్లై 5 వోల్టులు ఉందో లేదో మాత్రం బోర్డు దగ్గరే మీటర్ పెట్టి చూడండి. సప్లై పెట్టె దగ్గర సరిగ్గా చూపించినా సన్న వైర్లలో కొంత పోతుంది, అది తగ్గితే ఆట మధ్యలో ఆగి మళ్లీ మొదటికొస్తుంది.

అసలు నరకం పిక్చర్ ట్యూబ్ దగ్గర మొదలైంది. ట్యూబ్ బాగానే ఉంది, దాని వెనక కిట్, అంటే ట్యూబ్ మీద బొమ్మ గీయించే సర్క్యూట్, కాలిపోయింది. ఊళ్లో పేరున్న రిపేరు షాపుకి, అద్దాల కౌంటరున్న చోటికే, తీసుకెళ్లాను. వాడి మొదటి మాట, “ఎల్ఈడీ పెట్టేసుకోండి సార్, గొడవ వదిలిపోద్ది.” ఈ ఆట బొమ్మ అడ్డంగా 384, నిలువుగా 224 చుక్కలు. ట్యూబ్ మీద ఆ చుక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి నిండుగా కనిపిస్తాయి. పెద్ద ఎల్ఈడీ మీద ప్రతి చుక్కా మెట్టులా పొడుచుకొస్తుంది. ఇదంతా వాడికి చెప్తే విన్నట్టు తలూపి, ఏదో పాత కలర్ టీవీలోంచి పీకిన కిట్ బిగించి బిల్లు చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి ఆన్ చేస్తే బొమ్మ కిందనుంచి పైకి దొర్లుతూనే ఉంది. ముస్తఫా కాళ్లు పైన, తల కింద, మధ్యలో నల్లటి పట్టీ. ఎంతసేపు చూసినా అంతే. ట్యూబ్, కిట్, బోర్డు మొత్తం మళ్లీ మోసుకెళ్లాను. షాపు నిండా జనం. వాడు కిట్‌కి కేబుల్ కనెక్షన్ ఇచ్చి వార్తల చానెల్ చూపించాడు, శుభ్రంగా వచ్చింది. “చూశారుగా? నా కిట్ ఓకే. మీ బోర్డే పోయింది, పారేయండి” అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. “అయినా ఈ వయసులో ఇదేం పిచ్చి సార్? ట్యూబ్ చుట్టూ ఉన్న రాగి తీగకి ఓ రేటు ఇస్తాను, వదిలేసి వెళ్లండి” అన్నాడు. కౌంటరు దగ్గరున్నవాళ్లు పగలబడి నవ్వారు. ఒక కుర్రాడు ఫోన్‌లో వీడియో కూడా తీశాడు. ఆ ట్యూబ్ ఎత్తుకుని మెట్లు దిగుతుంటే నాకు చెమటలు పట్టాయి, సగం బరువుకి, సగం సిగ్గుకి.

కొన్నాళ్లు దాని మీద దుప్పటి కప్పేశాను. తర్వాత తెనాలిలో మా చిన్నప్పటి టీవీ మెకానిక్ బాబాయ్ ఇంకా ఉన్నాడని మా అమ్మ చెప్తే, వెళ్లి కారెక్కించుకుని తీసుకొచ్చాను. దొర్లుతున్న బొమ్మను చూసి ఆయన నవ్వలేదు. “జపాన్ బోర్డు కదూ అబ్బాయ్? మన టీవీ బొమ్మ సెకనుకు 50 సార్లు గీస్తుంది. ఇది 60 సార్లు పంపుతోంది. కిట్ దానికోసం సెట్ చెయ్యలేదంతే” అన్నాడు. వార్తలు కుదురుగా రావడం, ఆట దొర్లడం రెండూ అందుకే!

ముందు స్క్రూడ్రైవర్‌కి ఎర్త్ వైరు కట్టి ట్యూబ్ మీది రబ్బరు టోపీ కిందకి దూర్చాడు. టప్‌మని పేలింది. కరెంటు తీసేసినా ట్యూబ్‌లో ఛార్జ్ నిలిచే ఉంటుంది, ఆన్‌లో ఉన్నప్పుడు అక్కడ 20 వేల వోల్టుల పైమాటే. తెలియనివాళ్లు అక్కడ చెయ్యి పెట్టకండి. తర్వాత వెనక అతుకులు చూసి, వదులైన చోట సోల్డరింగ్ చేసి ఆన్ చేశాడు. మా ఆవిడని అద్దం అడిగి తెర ముందు నిలబెట్టి, తను వెనకే కూచుని, అద్దంలో చూస్తూ వెర్టికల్ హోల్డ్ అనే చిన్న మర తిప్పాడు. దొర్లడం నెమ్మదించింది, కాసేపు తూగింది, ఆగింది. బొమ్మ ఎత్తు కొంచెం తగ్గితే పక్క మరతో సాగదీశాడు. ఐదొందలు అడిగాడు, వెయ్యి ఇచ్చాను. లెక్కపెట్టుకుని మరీ జేబులో పెట్టుకున్నాడు. కిట్టుకి కిట్టు మార్చి బిల్లేసేవాడు మెకానిక్ కాడు, పార్సిల్ ఆఫీసు గుమాస్తా. ఇది ఆ షాపులో నవ్వినవాళ్లు కూడా చదవాలని నా కోరిక.

ఒరిజినల్ బోర్డే కావాలని విదేశాల్లో వెతికేవాళ్లకి ఒక మాట. కాప్‌కామ్ ఆ బోర్డులో బ్యాటరీ పెట్టింది. అది అయిపోతే లోపలి కోడ్ చెరిగిపోయి ఆట ఆగిపోతుంది. కొనేముందు బ్యాటరీ సంగతి తప్పకుండా అడగండి. నాది దొంగ కాపీ, పాటలు కాస్త పీలగా వస్తాయి, కానీ బ్యాటరీ లేదు కాబట్టి ఆ రోగమూ లేదు. మూడో స్టేజీలో కారు ఇంకా నేను గీత పడకుండా నడుపుతున్నాను, మా అబ్బాయి సాక్ష్యం.

మిగిలింది కాయిన్ పెట్టె. అది 25 మిల్లీమీటర్ల పాత స్టీలు రూపాయికి చేసింది. 2011 నుంచి వస్తున్న చిన్న రూపాయి వేస్తే లెక్కలోకి రాకుండా జారి కింద పడుతోంది. ప్రస్తుతానికి చుట్టాల ఇళ్లలో హుండీలు బోర్లిస్తున్నాను.