లండన్‌లో రాసిన షెడ్యూల్ నెల్లూరు ఎండకు నిలవదు

విదేశాల్లో సినిమా కోర్సు చదివే మన పిల్లలు వేసవి సెలవులకు వస్తూ ఎనిమిది నిమిషాల సినిమా తీసే ప్రాజెక్టు ఒకటి వెంట తెచ్చుకుంటున్నారు. అవ్వాతాతలే నటులు, ఊళ్లో ఇల్లే సెట్టు. షెడ్యూల్ మాత్రం అక్కడి లెక్కలతో రాసి ఉంటుంది. విమానం ఎక్కకముందే దాన్ని తిరగరాయించండి.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది వెలుతురు. జూన్ చివర్లో లండన్‌లో పొద్దుగూకేసరికి రాత్రి 9:20. ఆ తర్వాత కూడా ముప్పావు గంట వెలుగుంటుంది. నెల్లూరులో 6:40కే సూర్యాస్తమయం, పొద్దు నిటారుగా దిగుతుంది కాబట్టి ఇంకో ఇరవై నిమిషాలకు చీకటి. కొత్తవాళ్లకు ఒక్కో యాంగిల్ మార్చడానికే ఇరవై నిమిషాలు పడుతుంది. సంజె వెలుగులో ఒక్క షాట్‌కు మించి రాసుకోకూడదు.

కాలిఫోర్నియా పిల్లలైతే మైపాడులోనో కొత్తపట్నంలోనో సముద్రంలోకి దిగే సూర్యుణ్ణి స్క్రిప్టులో రాసుకొస్తారు. మనది తూర్పు తీరం, ఆ సీను పొద్దుపొడుపుకు మార్చుకోవాల్సిందే. ఉదయం 5:45కి సూర్యుడొస్తాడు. మైపాడు నెల్లూరుకు పాతిక కిలోమీటర్లు, 4:30కే బండి కదలాలి. కెమెరా రాత్రంతా ఏసీ గదిలో ఉంటే బీచ్ తేమ తగలగానే లెన్సు మసకబారుతుంది. తుడిచినా మళ్లీ పడుతుంది. బ్యాగును మూత వేసే ఉంచి, బయల్దేరడానికి గంట ముందే వరండాలో పెట్టాలి.

పదిన్నర నుంచి నాలుగు దాకా బయట షూటింగ్ వద్దు. నడినెత్తిన ఎండకు కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి, ఫోనుతో తీస్తుంటే అది వేడెక్కి ఆగిపోతుంది. ఇంట్లో సీన్లన్నీ ఆ వేళకు సర్దేయాలి. అక్కడ ఇంకో తంటా ఉంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. అక్కడి సెట్టింగుతోనే ట్యూబ్‌లైటు కింద తీస్తే ఫ్రేమంతా చారలు పాకుతాయి. కెమెరాలో షటర్ వేగం సెకనులో 1/50వ వంతు పెడితే పోతాయి. ఎడిటింగ్‌లో ఆ చారలు పోగొట్టడం చాలా కష్టం, అందుకే గది మారినప్పుడల్లా పది సెకన్లు తీసి చూసుకోవాలి. మాటలున్న సీనైతే ఫ్యాను ఆపాలి. ఆ ఉక్కలో తాతయ్య ఎంతసేపు కూర్చోగలడో చూసుకుని, రెండు టేకులకొకసారి ఫ్యాను వేయాలి.

డ్రోన్ అక్కడే వదిలి రమ్మనండి. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషిద్ధం, కస్టమ్స్‌లో ఆపేస్తారు. విడి బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి.

ఇక మనుషులు. పిల్లల కాగితంలో భోజనానికి అరగంట ఉంటుంది. ఎవరింట్లో తీసినా అన్నం పెట్టకుండా పంపరు, చేపల పులుసు వండారంటే గంటన్నర పోయినట్టే. ముందే గంటన్నర రాసుకుంటే గొడవే లేదు. తాతయ్య మధ్యాహ్నం కునుకు, అవ్వ సీరియల్ వేళ కూడా షెడ్యూల్లో ఉండాలి. వాళ్లను బతిమాలి లేపి తీసిన సీనులో ఆ విసుగు మొహంలో కనబడిపోతుంది.

రాహుకాలాన్ని పిల్లలు నవ్వి కొట్టిపారేస్తారు, పెద్దలు పట్టుబడతారు. ఆదివారం సాయంత్రం 4:30 నుంచి 6, అంటే మంచి వెలుతురు మొదలయ్యే వేళకే అడ్డం వస్తుంది. 4:15కే కొబ్బరికాయ కొట్టి మొదటి షాట్ తీసేస్తే చాలు, మొదలైన పనిని ఎవరూ ఆపమనరు. సోమవారమైతే ఉదయం 7:30 నుంచి 9, అప్పటికి ఎలాగూ షూటింగ్ నడుస్తుంటుంది.

ఫోన్లు మాత్రం మీరు చేయకండి. పిన్నమ్మను ఇల్లు అడగడం, పక్కింటి మామను వాళ్ల గేదెల్ని ఒక గంట అటు కట్టేయమనడం పిల్లలే చేయాలి, తెలుగు తడబడినా సరే. సంతకం చేయాల్సిన అనుమతి పత్రం కాలేజీవాళ్లు ఇంగ్లీషులో ఇస్తారు. దాన్ని తెలుగులో రాయించి, షూటింగ్‌కు ముందురోజే చదివి వినిపించి సంతకాలు పెట్టించాలి. అన్నీ తీసేశాక కాగితం చాపితే, పొలం పత్రాలేమోనని అనుమానపడేవాళ్లూ ఉంటారు.